కొలత చూసి కుట్టిన పాఠం

జాకెట్టు కుట్టమని గుడ్డ ఇస్తే టైలరు ముందు ఏం చేస్తాడు? టేపు తీసి కొలతలు రాసుకుంటాడు. పక్కింటావిడ కొలతలతో మనకి కుట్టేస్తే ఊరుకుంటామా? మరి పిల్లలకి సంగీతం నేర్పించేటప్పుడు ఆ కొలతల సంగతి ఎందుకు మరిచిపోతామంటారు?

కిందటేడు మా అమ్మాయి పోరగా పోరగా కీబోర్డు కొన్నాం. పియానో మన భద్రాచలంలో ఎక్కడ దొరుకుతుంది? మెట్ల వరస రెంటికీ ఒకటే కాబట్టి దీంతో సరిపెట్టుకున్నాం. రెండు వీధుల అవతల ఒక టీచరమ్మ దగ్గర చేర్పించాం. నెల తిరిగినా పిల్ల ఒకే చోట తప్పుతోంది. పొయ్యి మీద పులుసు పొంగుతోంది, చేతిలో గరిటె, ఆ చిరాకులో "నీకు సంగీతం రాదులే, లేచి చదువుకో" అనేశాను. అది ఏడవలేదు. మారు మాట్లాడకుండా కీబోర్డు మీద గుడ్డ కప్పేసింది.

నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ మాట నాది కాదు. నా పదేళ్ళప్పుడు ఒక మాష్టారు పదిమంది ముందు నన్నన్న మాట! ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేను మంగళహారతి కూడా పైకి పాడలేదు. పేరంటంలో పాట అడుగుతారేమోనని వంటింట్లోకి జారుకునేదాన్ని.

మర్నాడు టీచరమ్మకి జరిగింది చెప్పాను. "పిల్లని అనకండమ్మా. దాని వేళ్ళు చిన్నవి, మార్చాల్సింది పాఠాన్ని" అన్నారావిడ.

మనకి అలవాటైన మొదటి పాఠం మాయామాళవగౌళలో సరళీ వరుసలు. పురందరదాసు వేసిన బాట అది, గొంతుకి గట్టి పునాది. కానీ కీబోర్డు మీద రెండు నల్లమెట్ల గుంపుకి ఎడమ పక్కనున్న తెల్లమెట్టుని 'స' అనుకుంటే, ఈ రాగంలో రి, ధ రెండూ నల్లమెట్ల మీద పడతాయి. మా అమ్మాయి తడబడేది అక్కడే. శంకరాభరణమైతే ఏడు స్వరాలూ తెల్లమెట్ల మీదే. టీచరమ్మ దాంతో మొదలుపెట్టించారు. దానికి బాగా తెలిసిన పాట ఏదో అడిగి, అందులో ఒక్క ముక్క చేతికి పట్టించారు. చెయ్యి కుదిరాకే నల్లమెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ గదిలోనే అరవై దాటిన పెద్దాయన ఉన్నారు. వేళ్ళు బిగుసుకుపోతాయి, ఆయనకి నెమ్మదిగా సాగే భజనలు. ఇంకో బాబు ఐదు నిమిషాలకి మించి కుదురుగా కూర్చోలేడు. వాడికి ఐదు నిమిషాల పాఠం, తర్వాత తాళం వేస్తూ గది చుట్టూ నడక, మళ్ళీ పాఠం. ఎవరి కొలత వారిది.

"మీరూ కూర్చోండమ్మా" అన్నారు నాతో. జపానులో షినిచీ సుజుకీ అనే వయొలిన్ గురువు పద్ధతిలోనూ తల్లి పాఠంలో కూర్చుంటుంది. అమ్మభాష వచ్చినట్టే సంగీతమూ వినగా వినగా వస్తుందని ఆయన నమ్మకం. అంత దూరం ఎందుకు? మన మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు కోయల కథల్ని డోలి వాయిస్తూ పాడేవారు. అదంతా తరతరాలుగా పెద్దల నోట విని నేర్చుకున్న విద్యే. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చిన్నప్పటినుంచీ చూపు సరిగా లేదు. అన్నగారు చేరదీసి వయొలిన్ నేర్పారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడయ్యారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఆ అన్నగారు కూడా "నీకు రాదులే" అని ఉంటే?

మీ పిల్లల్ని చేర్పించాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు మాటలు:

పియానోకి 88 మెట్లుంటాయి. మొదట్లో 61 మెట్ల కీబోర్డు చాలు. గట్టిగా నొక్కితే పెద్దగా, మెల్లగా నొక్కితే చిన్నగా పలికేది చూసి కొనండి.

మోచేతులు మెట్ల ఎత్తుకి రావాలి. కుర్చీ చాలకపోతే దిండు వేయండి. అరచేతిలో నిమ్మకాయ ఉన్నట్టు వేళ్ళు వంచమనండి.

ఆదివారం గంటసేపు కూర్చోబెట్టే కన్నా రోజూ పది నిమిషాలు మేలు. తప్పిన చోటు ఒక్కటే నెమ్మదిగా మూడుసార్లు చేయించండి.

చేర్పించే ముందు ఒకరోజు పాఠం చూడండి. "నీకే పాట ఇష్టం?" అని పిల్లని అడిగే టీచరైతే కళ్ళు మూసుకుని చేర్పించండి.

మొన్న శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. అమ్మాయి వాయించింది, నేను హారతి పాడాను. గొంతు వణికింది, మధ్యలో శ్రుతి కూడా తప్పాను. ఎవ్వరూ నవ్వలేదు. అమ్మాయి మాత్రం ఆగి, నేను అందుకునేదాకా చూసి, మళ్ళీ వాయించింది.

మీ ఇంట్లోనూ గుడ్డ కప్పిన హార్మోనియమో, వీణో ఉందా? ఈ వారం ఆ గుడ్డ తీయండి. పిల్లల కోసమే అనుకోకండి, మీ కోసం కూడా.