నెత్తురు మనది, లెక్క ఎవరిది?

రక్తపరీక్షలు ఇప్పుడు మన పల్లెల దాకా వచ్చాయి. 2021 జూన్‌లో జనగామ, మహబూబాబాద్‌లలో ప్రభుత్వం డయాగ్నొస్టిక్ కేంద్రాలు తెరిచింది. 2022 మార్చిలో ములుగులో (2019 దాకా అది భూపాలపల్లి జిల్లాలో భాగమే) పద్దెనిమిదేళ్లు దాటిన వారందరికీ రక్తపరీక్షలు చేసి ఆరోగ్య వివరాలు నమోదు చేసే పని మొదలైంది. పరీక్షకు డబ్బుల్లేక, రోగం ముదిరాక వరంగల్ ఎం.జి.ఎం.కు చేరే ఆడవాళ్లను చూసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. కానీ ఆ రక్తంలో ఏం వెతుకుతున్నారు, దొరికినదానితో ఏం చేస్తారు అన్న ప్రశ్నను అడగవలసినంత గట్టిగా మనం అడగడం లేదు.

రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపుపచ్చని నీటిని సీరం అంటారు. అందులో వేల రకాల ప్రొటీన్లుంటాయి. ఒంట్లో తేడా వస్తే కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఆ హెచ్చుతగ్గుల్లో రోగం ఆనవాలు పట్టుకోవాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు. మంచి పనే. గర్భిణులకు వచ్చే గుర్రపువాతం సంగతే చూడండి. మాయలో తయారయ్యే రెండు ప్రొటీన్ల నిష్పత్తిని కొలిస్తే, అనుమానం ఉన్న గర్భిణికి వచ్చే వారం రోజుల్లో ఆ ముప్పు లేదని చాలావరకు నమ్మకంగా చెప్పవచ్చునని 2016లో తేలింది. అలాంటి పరీక్షకు అమెరికా 2023లో అనుమతి ఇచ్చింది. గంగారం, కొత్తగూడ అడవి పల్లెల నుంచి గర్భిణిని రాత్రికి రాత్రి వరంగల్ పంపాలా వద్దా అని తేల్చుకోవలసిన ఏ.ఎన్.ఎం.కు దీని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. (అది వచ్చేలోగా బి.పి. చూడడం, మూత్రంలో ప్రొటీన్ చూడడం ప్రతిసారీ జరుగుతున్నాయా? అవి చవక పరీక్షలే కదా!)

ఇదే శాస్త్రం మరో చోట ఆడవాళ్ల మీదికి ఎలా తిరుగుతుందో సి.ఎ.125 చెబుతుంది. అండాశయ కాన్సర్‌లో పెరిగే ప్రొటీన్ ఇది. ఏ బాధా లేని స్త్రీలకు ఏటేటా ఈ పరీక్ష చేస్తే ప్రాణాలు దక్కుతాయా అని బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆ కాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో ప్రకటించారు. నెలసరి సమయంలోనూ ఈ ప్రొటీన్ పెరుగుతుంది. గర్భసంచిలో గడ్డలున్నా, కడుపులో క్షయ ఉన్నా పెరుగుతుంది. అయినా ప్రైవేటు లాబ్‌లు 'స్త్రీల ప్యాకేజీ'లో దీన్ని కలిపి అమ్ముతూనే ఉన్నాయి. రిపోర్టులో అంకె పక్కన ముద్దక్షరాలు కనబడితే ఆమె భయపడుతుంది. భయపడిన మనిషిని ఆపరేషన్‌కు ఒప్పించడం ఎంతసేపు?

అసలే మనది గర్భసంచులు తీసేసే రాష్ట్రం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7 శాతం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

ఇక ఆ అంకెల్లో 'మామూలు' అంటే ఎవరి మామూలు? 2023లో బ్రిటన్‌లో యాభై వేల మందికి పైగా మనుషుల రక్తంలో మూడు వేల దాకా ప్రొటీన్లు కొలిచారు. వారిలో అత్యధికులు తెల్లవాళ్లు. మన దేశంలో సి.ఎస్.ఐ.ఆర్. అదే ఏడాది మొదలుపెట్టిన పదివేల మంది అధ్యయనం కూడా తన ఉద్యోగులు, పెన్షనర్లు, వారి కుటుంబాలతోనే జరిగింది. మిరప ఏరే కూలీ, సింగరేణి కార్మికుడి భార్య, తండాలో బాలింత ఈ లెక్కల్లో ఎక్కడున్నారు? ఇదేమీ మాటవరసకు అడుగుతున్నది కాదు. ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెర్రిటిన్‌నే తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. జ్వరమో, మరే ఇన్ఫెక్షనో ఉన్న స్త్రీకి ఆ హద్దు 70. ఎందుకంటే ఇన్ఫెక్షన్ వస్తే ఫెర్రిటిన్ దానంతటదే పెరిగి లోపాన్ని కప్పేస్తుంది. జ్వరాల కాలంలో మహాముత్తారం మనిషికి 40 వచ్చిందనుకోండి, 'ఇనుము సరిపోను ఉంది' అని పంపేయడం తేలిక.

అయితే మన ఆడవాళ్ల రక్తం కూడా పరిశోధనలోకి రావాలా? రావాలి. ఎలా వస్తుందన్నదే సమస్య. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేశారు. ఆ మూడు మండలాల్లో మహబూబాబాద్ సరిహద్దునున్న తిరుమలాయపాలెం ఒకటి. టీకా మంచిచెడ్డలు వేరే సంగతి, టీకా పనికొచ్చేదే. కానీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక చూస్తే 2,763 అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులను అడిగిన నాథుడు లేడు. టీకాకే అట్లా జరిగితే, సిరంజిలో మిగిలిన నెత్తురుకు ఎవరు అనుమతి అడుగుతారు?

భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు రక్తం నమూనాకూ దాని సమాచారానికీ సొంతదారు ఇచ్చిన మనిషేనని, ఆమె తర్వాతైనా వాటిని వెనక్కి అడగవచ్చునని చెబుతున్నాయి. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మనం పని చేయాలి. వైద్యానికి తీసిన రక్తాన్ని పరిశోధనకు దాచేట్టయితే విడిగా అడగాలి. తెలుగులో రాసిన కాగితం చాలదు, కోయ మాటలో, లంబాడీ మాటలో కూర్చుని చెప్పాలి. ఆ చెప్పే పని కూడా ఆశాల నెత్తిన పడేసి పైసా ఇవ్వకపోతే ఊరుకోకూడదు. రిపోర్టు మొగుడి ఫోనుకో, కొడుకు ఫోనుకో పోతే అది ఆమెకు చేరినట్టు కాదు. ముందు ఆమె చేతికే రావాలి. ఆ అంకె మీద కత్తి పట్టుకునే ముందు మరో డాక్టరుకు చూపించుకోవడానికి ఆమెకు వారం రోజుల గడువు, జిల్లా ఆసుపత్రికి దారి ఖర్చు ఉండాలి.