పప్పు కలిపే గరిటె కాదట!

ఈసారి వంటింటి కబురే గానీ వంట కబురు కాదు.

బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని కార్డిఫ్‌లో మా పెద్దమ్మాయి ఉద్యోగం. కిందటేడు పార్సెల్‌లో ఒక చెక్క గరిటె పంపింది. కాడ మీద గుండె బొమ్మ, తాళంచెవి, గొలుసు, అన్నీ ఒకే చెక్కలో చెక్కినవి. ముచ్చటపడి ఆ పూటే ముద్దపప్పు కలిపేశాను. వీడియోలో చూసి అమ్మాయి లబోదిబోమంది. "అమ్మా, అది లవ్ స్పూను! అతను చెక్కి ఇచ్చాడు!"

"అతను ఎవరే?" అన్నాను. అదండీ, అలా బయటపడింది.

అక్కడ కుర్రాళ్ళు వలచిన పిల్లకి ఇలా గరిటె చెక్కి ఇవ్వడం పాత ఆచారమట. 1667 నాటిది ఒకటి కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫేగన్స్ మ్యూజియంలో ఉంది. వాళ్ళ ప్రేమికుల పండగ కూడా ఫిబ్రవరి 14 కాదు, జనవరి 25. దుయిన్‌వెన్ అనే పుణ్యస్త్రీ పేరున చేస్తారు. అయిదో శతాబ్దంలో ఒక రాజుగారి కూతురామె. కథ రకరకాలుగా చెబుతారు. మేలన్ అనే అతన్ని ప్రేమిస్తే తండ్రి వేరే సంబంధం ఖాయం చేశాడట. దేవుడు మూడు వరాలిస్తే, మంచుగడ్డైపోయిన మేలన్‌ని కరిగించమంది, ప్రేమించినవాళ్ళని చల్లగా చూడమంది, తనకి మాత్రం పెళ్ళి వద్దంది. ఆంగ్ల్‌సీ ఒడ్డున చిన్న దీవికి పోయి సన్యాసినిగా బతికింది.

'వేరే సంబంధం' దగ్గర నాకు గుండె కలుక్కుమంది. మేమూ భీమవరం వాళ్ళకి మాటిచ్చి ఉన్నాం మరి! మా వారు పది రోజులు అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

చివరికి ఆయనే, "వాళ్ళమ్మతో మాట్లాడు" అన్నారు. ఏం మాట్లాడను? పండగ శుభాకాంక్షలైనా వాళ్ళ భాషలో చెబుదామని కూర్చున్నాను. కాగితం మీద చూస్తే కళ్ళు తిరిగాయి గానీ, ఆ భాషా మన తెలుగులాగే దాదాపు రాసినట్టే పలుకుతుందండీ. 'డబ్ల్యూ' చాలాచోట్ల మన ఉ, ఊ. ఒక్క 'ఎఫ్' ఉంటే వ. రెండు 'డి'లు కలిస్తే ఇంగ్లీషు 'దిస్'లో మొదటి శబ్దం. "దీద్ సాంటెస్ దుయిన్‌వెన్ హాపిస్." ఇంతే!

రెండు 'ఎల్'లే నా ప్రాణం తీశాయి. నాలుక ల దగ్గర ఆనించి, గొంతు పలక్కుండా పక్కల నుంచి గాలి ఊదాలి. దుయిన్‌వెన్ దీవి పేరు లాన్‌దుయిన్ మొదలయ్యేది దాంతోనే. అద్దం ముందు వారం రోజులు ఊదాను. పనిమనిషి, "పిల్లిని తోలుతున్నారా అమ్మగారూ?" అంది.

మొన్న 25న ఫోన్ చేశాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత ఆవిడ ఏడుస్తూ నవ్వింది. తనూ మన ఊరి పేరు నేర్చుకుందట. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తాడేపల్లిగూడెం! 'పల్లి' దగ్గరికి రాగానే ఆ రెండు 'ఎల్'లు చూసి, పాపం, అలవాటు కొద్దీ గాలి ఊదింది.