విద్యార్థుల విదేశయాత్ర: వెంట నడిచేవారి బాధ్యత

1877లో పదునాలుగేళ్ల బాలుడొకడు కలకత్తా నుంచి కుటుంబంతో రాయపూరుకు బయలుదేరాడు. ఆనాటికి ఆ ఊరికి రైలు లేదు. చివరి మజిలీలు ఎడ్లబండి మీద, దట్టమైన అడవుల నడుమ సాగాయి. ఆ దారిలో కొండలను చూచి తాను ఒడలు మరచిన సంగతిని ఆ బాలుడు పెద్దయిన తర్వాత కూడ తలచుకొనేవాడు. ఆయనే వివేకానందుడు. 1893లో ఆయన చికాగో చేరుకున్నాడు. నేడు రాయపూరు విమానాశ్రయం ఆయన పేరుతోనే ఉన్నది. దేశాటనం విద్యలో భాగమని వాదించడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఇటీవల ఆ విమానాశ్రయంలోనే ఢిల్లీ విమానానికై వేచియుండగా, సింగపూరు యాత్రకు బయలుదేరిన విద్యార్థుల బృందమొకటి కనిపించింది. నాయకురాలు ఒక ఉపాధ్యాయిని. 1931లో విజయనగరం నుంచి రాయపూరుకు రైలుమార్గం పూర్తయిన తర్వాత ఇటు తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో ఆమెది ఒకటి. "పిల్లలు చూడడానికి వెళ్తున్నారండీ, నేను లెక్కపెట్టడానికి వెళ్తున్నాను" అన్నదామె. ముప్పైమంది పిల్లలను తలతలా తడిమి లెక్కించి, మళ్ళీ మొదటినుంచి ప్రారంభించింది. విద్యార్థుల యాత్రలపై పెద్దలు చేసే ఉపన్యాసాలకన్న ఆ ఒక్క మాటలో వివేకం ఎక్కువ.

లెక్క తప్పితే ఏమగునో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 జూన్ 8 సాయంకాలం హిమాచల్ ప్రదేశ్‌లో, మండీ సమీపాన, బియాస్ నదిలోకి ఫోటోల కోసం దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం నీటిని వదలడమే కారణం. ఆ రాష్ట్ర హైకోర్టు తానుగా విచారణ చేపట్టి, 2016లో తల్లిదండ్రులకు పరిహారం ఇప్పించింది. గమనింపదగిన విషయమేమంటే, ఆ భారంలో కొంత కళాశాలపైన కూడ మోపింది. పిల్లలను వెంటబెట్టుకొని పోయినవారు నది స్వభావం తెలియదని తప్పించుకొనజాలరన్నది ఆ తీర్పు నేర్పే పాఠం. 2024 జనవరిలో వడోదర హర్ణీ సరస్సులో పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించినప్పుడు, ఆ పాఠం ఎవరికీ తలకెక్కలేదని తేలింది.

స్వదేశంలోనే ఇట్లుండగా, పరాయి దేశంలో నాయకుని బాధ్యత ఇబ్బడి ముబ్బడి అవుతుంది. భాష వేరు, చట్టం వేరు, రోడ్డు దాటే పద్ధతి సయితం వేరు. పోతాయేమోనన్న భయంతో ముప్పై పాస్‌పోర్టులను ఒకే సంచిలో దాచే నాయకులున్నారు. ఆ సంచి పోయిననాడు ముప్పైమందీ మన రాయబార కార్యాలయం గుమ్మంలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ల కోసం పడిగాపులు పడవలసిందే. ప్రతుల నకళ్లు వేరుగా ఉంచడం, ఎవరికి ఏ మందు పడదో వ్రాసియుంచుకోవడం, రాయబార కార్యాలయం ఫోను నెంబరు ప్రతి బిడ్డ జేబులోను పెట్టడం ఖర్చులేని పనులు. అన్నిటికన్న ముఖ్యం, ప్రయాణ ఏజెంటు ముచ్చటపడినా, పిల్లలు మారాము చేసినా, "వద్దు" అనగల అధికారం నాయకునికి ఉండడం. ఆ అధికారాన్ని యాత్రకు ముందే యాజమాన్యం, తల్లిదండ్రులు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి.

ప్రమాదభీతితో యాత్రలనే మానిపించడం ఇల్లు కాలునని పొయ్యి వెలిగించకపోవడం వంటిది. నష్టపోయేది పేదబిడ్డలే, కలవారి పిల్లలు ఎట్లాగయినా వెళ్లగలరు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల నుంచి పదిమంది విద్యార్థులు న్యూయార్కు వెళ్లి ఐక్యరాజ్యసమితి కార్యాలయాన్ని చూచివచ్చారు. జపాను ప్రభుత్వ సంస్థ 2014లో ప్రారంభించిన సకురా సైన్సు కార్యక్రమం ద్వారా మన ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఆ దేశపు ప్రయోగశాలలు చూస్తున్నారు. ఇటువంటి అవకాశాలు పదులనుంచి వందలకు పెరగాలి.

శాసనసభ్యుల విదేశీ అధ్యయన యాత్రలకు నిధుల కొరత ఏర్పడిన దాఖలా, పార్లమెంటు వరండాలలో ఇన్నేళ్లు తిరిగిన ఈ లేఖకునికి తెలియదు. ఆ ఔదార్యంలో కొంత బడిపిల్లలకు మళ్లిస్తే దేశానికి నష్టం లేదు. అయితే పంపే ప్రభుత్వం టిక్కెట్లతోనే చేతులు దులుపుకొనరాదు. ఉపాధ్యాయులకు తగిన శిక్షణ, పిల్లలకు బీమా, పదిమందికొక పెద్దదిక్కు కూడ సమకూర్చాలి. బయలుదేరినప్పటి లెక్క తిరిగివచ్చినప్పటి లెక్కతో సరిపోయిననాడే ఆ యాత్ర విద్య అనిపించుకుంటుంది.