"డ్రైవ్‌లో ఉంది కదా" అనే వాళ్లకి

పోస్టు కొంచెం పొడవుంటాది, ఓపిగ్గా చదవండి. ఫైనలియర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అయితే తప్పకుండా చదవాలి.

"అన్నీ డ్రైవ్‌లో ఉన్నాయి కదన్నా, ఎక్కడికి పోతాయి?" పలాసలో, టెక్కలిలో చదువుతున్న మన పిల్లల నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఎవరి డ్రైవ్? కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో తెరిచిన డ్రైవ్ మీది కాదు, కాలేజీది. అద్దింటి గోడకి మేకు కొట్టి సంచి తగిలించుకున్నంత మాత్రాన ఆ గోడ మనదైపోదు. కాలేజీ అడ్మిన్ మీ అకౌంట్ తీసేస్తే, మళ్లీ వెనక్కి తెచ్చుకోడానికి గూగుల్ ఇచ్చే గడువు 20 రోజులు. అదీ అడ్మిన్ తలుచుకుంటేనే. మీరు ఎంత మొరపెట్టుకున్నా మీ చేతిలో ఏ బటనూ లేదు.

"అలగ ఎందుకు తీసేస్తారు?" అంటారు. కారణముంది. విద్యాసంస్థలకి ఇచ్చిన అన్‌లిమిటెడ్ స్టోరేజీ ఆపేస్తామని గూగుల్ 2021లోనే ప్రకటించింది. తర్వాత మొత్తం సంస్థకి కలిపి 100 టెరాబైట్లు అని గీత గీసింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టింది. చోటు తగ్గితే ముందు ఎవరి సామాన్లు బయటికి పోతాయి? ఫీజు కట్టి క్లాసులో కూర్చున్నోడివి పోవు, పాసయిపోయినోడివే పోతాయి. ఊరుకుని ఇచ్చినన్నాళ్లూ ఇచ్చి, అందరూ అలవాటు పడ్డాక కొలత పెట్టిన కంపెనీలని ఏమనాలో మీరే ఆలోచించండి. మన బియ్యం వ్యాపారులు కూడా ఇంత నేర్పుగా చెయ్యలేరు.

మిగతా పిల్లలకి పోయేవి అసైన్‌మెంట్లు, ఫేర్‌వెల్ ఫొటోలు. మనకి అలగ కాదు. మందస, మెళియాపుట్టి కొండల మీది ఊర్లలో స్మార్ట్‌ఫోనూ, మెయిల్ ఐడీ ఉన్నది చదువుకునే పిల్లోడికే. అందుకని ఊరు ఊరంతా వాడి అకౌంట్‌లోకి ఎక్కుతాది. అటవీ హక్కుల దరఖాస్తులు, గ్రామసభ తీర్మానం, భూమి స్కెచ్చు, కుల ధ్రువపత్రాలు, మా ఊరిని షెడ్యూల్డ్ ఏరియాలో కలపండని పెట్టిన అర్జీలు, అన్నీ. 2006 చట్టం ప్రకారం 13 డిసెంబర్ 2005కి ముందు నుంచీ భూమి మన స్వాధీనంలో ఉన్నట్టు చూపించాలి. దానికి ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతాదని నిబంధనల్లోనే ఉంది. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన సవరలో చెప్పిన మాట రికార్డింగు మాత్రం ఎవడో బీటెక్ కుర్రాడి కాలేజీ డ్రైవ్‌లో ఉంది. అది పోతే ఏ ఆఫీసుకెళ్లి అడుగుతాం?

కాగితమే నయం అనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ ఈ తీరాన్ని తాకింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. రేకులెగిరిన ఇళ్లలో ట్రంకు పెట్టెల్లోని కాగితాలు ఏటయ్యాయో చూసినోళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి క్లౌడ్ వద్దని నేననను. ఒక కాపీ అక్కడ ఉండాలి, ఇంకో కాపీ మన చేతిలోని కంప్యూటర్లో, హార్డ్ డిస్కులో ఉండాలి. రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, టవర్లు పడిపోయినప్పుడు, పైన మేఘంలో ఏముంటే మనకేటి?

ఇక దించుకునే పని. ఒక్కొక్క ఫైలూ నొక్కుతూ కూర్చోకండి. గూగుల్ టేకౌట్ అని ఉంది, దాంట్లో డ్రైవ్ మొత్తం ఒకేసారి జిప్ ఫైళ్లుగా అడగొచ్చు. వినడానికి బాగుంటాది, మెలికలు చాలా ఉన్నాయి. మీరు ఓనరుగా ఉన్న ఫైళ్లే వస్తాయి. వేరే వాళ్లు మీకు షేర్ చేసినవి రావు. అంటే పది మంది కలిసి ఊరి పత్రాలు ఎక్కించి ఉంటే, పది మందీ ఎవరివి వాళ్లే దించాలి. "మావోడు దించేశాడులే" అని తొమ్మిది మంది కూర్చుంటే ఒక్కడి ముక్కే మిగుల్తాది. ఇంకోటి: కంప్యూటర్లో డ్రైవ్ యాప్ పెట్టుకుని, జీడాక్ అని కనిపించే ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టుకుని సంబరపడే వాళ్లున్నారు. దాంట్లో ఏమీ ఉండదు, అది ఉత్త లింకు. అకౌంట్ పోయాక తెరిస్తే గోడే. టేకౌట్ అయితే వాటిని వర్డ్, ఎక్సెల్ ఫైళ్లుగా మార్చి ఇస్తాది.

నాకు ఒళ్లు మండేది ఆ గడువు చూస్తే. టేకౌట్ ఇచ్చే డౌన్‌లోడ్ లింకు దాదాపు వారం రోజులే పనిచేస్తాది. మన హాస్టల్ పిల్లోడి దగ్గరుండేది రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. వారమంతా వాట్సాప్ కూడా తెరవకుండా దించినా పదిన్నర జీబీ. వీడియోలతో కలిపి డ్రైవ్‌లో ఉన్నది 50 జీబీ అయితే? 10 ఎంబీపీఎస్ కేబుల్ నెట్టున్న ఇంట్లో అది పదకొండు, పన్నెండు గంటల పని, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారికి అయిపోద్ది. మనకి నెల పైమాటే, ఈలోగా లింకు చచ్చిపోతాది. ఎవరిని మనసులో పెట్టుకుని ఈ గడువు పెట్టారో తెలుస్తానే ఉంది.

పోనీ చట్టం ఆదుకుంటాదా? 2019 డేటా బిల్లులో మన డేటా మనం మోసుకుపోయే హక్కు ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు, ఎగిరిపోయింది. యూరప్ వాళ్లకి 2018 నుంచీ అమల్లో ఉంది. పార్లమెంటులో దీని గురించి మన తరఫున ఎవరు అడిగారో నాకైతే గుర్తులేదు.

కాబట్టి కాలేజీని అడగాల్సిందే, బతిమాలక్కర్లేదు. అకౌంట్ మూసే ముందు మూడు నెలల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫైనలియర్ వాళ్లకి కంప్యూటర్ ల్యాబు, ఆ లైన్ నెట్టుతో సహా, రెండు రాత్రులు తెరిచి పెట్టాలి. టేకౌట్‌ను అడ్మిన్ ఆపేసి ఉంటే తెరవాలి. "మా పాలసీలో లేదు" అంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

దించాక జిప్పులన్నీ విప్పి, ఫైళ్ల లెక్క డ్రైవ్‌తో సరిచూడండి. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లు మరీ పొడుగైతే విప్పేటప్పుడు కొన్ని ఫైళ్లు రావు, పేర్లు చిన్నవి చెయ్యండి. సోరా సొంపెంగ్ లిపిలో రాసినవి డబ్బాలుగా కనిపిస్తే ఫైలు చెడినట్టు కాదు, ఫాంటు లేదు. నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతాది, వేసుకోండి. డిస్కులు రెండు ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఒకటి ఊర్లో, ఒకటి కాశీబుగ్గలోనో టెక్కలిలోనో నమ్మకమున్న వాళ్ల దగ్గర.

ఎవరి అకౌంట్‌లో ఏ ఊరి పత్రాలున్నాయో కింద కామెంట్లో ఊరి పేరు మాత్రం రాయండి. పత్రాలు గానీ, లింకులు గానీ ఇక్కడ పెట్టకండి.