రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదా?



ఇంటికీ చిన్న వ్యాపారాలకూ నాస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు అందించే నిల్వ పరికరం) ఎంపిక గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం ఉపయోగకరమే. అయితే ‘రెండు డిస్కులతో రెయిడ్-1 పెట్టుకుంటే డేటాకు ఢోకా లేదు’ అన్న మాటతో ఏకీభవించలేను. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే రెయిడ్-1 బాధ్యత ఒక డిస్కు పోయినా పని ఆగకుండా చూడటం వరకే. పొరపాటున చెరిపేసిన ఫోల్డరు రెండింట్లోంచీ ఒకేసారి పోతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్‌లలో చొరబడి ఫైళ్లకు తాళం వేసినప్పుడు రెయిడ్ ఎవరినీ కాపాడలేదు. మా స్టూడియోలో పెళ్లి ఫొటోలకు మూడు ప్రతులుంటాయి: నాస్‌లో ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే చోట మరొకటి.

డిస్కుల సంగతిని వ్యాసకర్త ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కుల్లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడతాయి. ఒక ట్రాకును తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. అందుకే చెడిన డిస్కును మార్చి రెయిడ్‌ను పునరుద్ధరించేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి. తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఈ రకమేనని 2020లో వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకుంది. కొనేముందు, ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడని సీఎమ్‌ఆర్ రకం అవునో కాదో చూసుకోవాలి.

సినిమాలకు ఖరీదైన ప్రాసెసర్ తప్పనిసరి అనడమూ సరికాదు. టీవీయే ఫైలును నేరుగా ప్లే చేయగలిగితే నాస్ దాన్ని అందిస్తే చాలు. గిగాబిట్ కేబుల్ సెకనుకు సుమారు 110 మెగాబైట్లు మోస్తుంది. 4కె సినిమాకు అంత అవసరం లేదు. అలా మిగిలిన డబ్బుతో యూపీఎస్, బ్యాకప్ డిస్కు కొనుక్కోండని తోటి పాఠకులకు నా మనవి.

– ఫొటో స్టూడియో నిర్వాహకుడు, తెనాలి