కాలు నొక్కి చూడని కాజువాల్టీ

ఆయాసంతో వచ్చిన మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టకూడదు. గుండె బలం తగ్గి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినవాడు పడుకుంటే ఊపిరాడక గిలగిల్లాడతాడు. కూచోబెట్టి, కాళ్లు కిందికి వదిలి, ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఈ సంగతి డాక్టర్లందరికీ తెలుసు. మరి రాత్రి రెండింటికి మన వాడ నించి ఆటోలో వేసుకుపోయిన మనిషికి పెద్దాసుపత్రి కాజువాల్టీలో ఏం జరుగుతోంది? "పడుకో, పడుకోకపోతే చూడం" అని కేక. పడుకోలేక లేచి కూచుంటే "తాగొచ్చాడా?" అని ప్రశ్న. ఏ ఊరు, ఏ పేట అని అడిగి తెలుసుకున్నాక ఆ గొంతు ఇంకో మెట్టు దిగుతుంది.

అన్నిచోట్లా అందరూ ఇంతేనని మేం అనడం లేదు. తెల్లవార్లూ మంచం పక్కన నిలబడి మనవాళ్ల ప్రాణం కాపాడిన జూనియర్ డాక్టర్లనూ చూశాం. వాళ్లలో కొందరు మన పిల్లలే, లోకం 'కోటా డాక్టర్లు' అని వెక్కిరించే మన పిల్లలు. అదే కాజువాల్టీలో నెత్తురూ వాంతులూ ఎత్తిపోసే కాంట్రాక్టు పనివాళ్లూ చాలామంది మనవాళ్లే. అయినా అక్కడికి రోగిగా వెళ్లినప్పుడు మన విలువెంతో మనకు తెలుసు.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఆ పేరు విని ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెట్టడం, ఇంక ఖర్చు దండగని మనిషిని ఇంటికి తెచ్చేయడం మేం చూశాం. గుండె ఒక మోటారు. మోటారు బలం తగ్గితే చివరి మడికి నీళ్లెక్కవు, ఇవతల కాలవ పొంగుతుంది. అట్లాగే ఒంటికి నెత్తురు చాలదు, వెనక ఊపిరితిత్తుల్లో, కాళ్లలో, పొట్టలో నీరు నిలుస్తుంది. నాలుగడుగులకే ఆయాసం. తలకింద రెండు దిళ్లు లేందే నిద్ర పట్టదు. నడిరాత్రి ఊపిరాడక లేచి గుమ్మంలో కూచుంటారు. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతాయి.

ఎందుకొస్తుంది? ముందొకసారి గుండెపోటు వచ్చి 'గ్యాసు' అని సోడా తాగి ఊరుకున్నవాళ్లకు వస్తుంది. బీపీ ఏళ్ల తరబడి చూపించుకోనివాళ్లకు వస్తుంది. కొందరు ఆడవాళ్లకు కాన్పు దగ్గర్లో వస్తుంది. ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇళ్లలో పిల్లలకు గొంతు నొప్పి, దాని వెనక కీళ్ల వాపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోతాయి. ఆ పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి పడాలి. అది తప్పితే పాతికేళ్లకే మనిషి మంచమెక్కుతాడు. డబ్బున్న ఇళ్లలో ఈ కవాటాల జబ్బు వెతికినా అరుదు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ఈ జబ్బు చేతికి దొరికే జబ్బు. ఈసీజీ కావాలి, ఎక్సరే కావాలి, ఎకో కావాలి, నిజమే. కానీ అన్నిటికంటే ముందు డాక్టరు మన మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీయాలి. గుంట పడితే నీరు. మెడ నరం ఉబ్బిందేమో చూడాలి. వీపు మీద గొట్టం పెట్టి వినాలి. అంటే మన ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. మన పాదం ముట్టుకోవాలి.

ఈ ముట్టుకోవడం చిన్న సంగతి కాదు. అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో కాఠియావాడ్‌లోని ఒక అంటరాని బడిపంతులు గోడు ఎక్కించారు. 1929 డిసెంబరు 12 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. పంతులుగారి భార్య బాలింత. ఊపిరి ఆడడం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు చెబితే, రెండు రూపాయల ఫీజుకు పూచీ పడితే, రోగిని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. పచ్చి బాలింతను పిల్లతో సహా బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లింకిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి పోయింది. దీపం వెలుగులో థర్మామీటరు చూసి న్యుమోనియా అన్నాడు డాక్టరు. తర్వాత మళ్లీ రమ్మంటే రాలేదు. ఆమె చచ్చిపోయింది.

ఇప్పుడు థర్మామీటరు అట్లా చేతులు మారడం లేదులే అంటారా? మారడం లేదు. బల్లకు అవతల నిలబడి, మొహం చూడకుండా, "ఎన్ని రోజుల్నించి?" అని అడిగి ఆస్త్మా అని రాసేస్తే, ఆ రాతకీ ఆ దీపం వెలుగుకీ తేడా ఎంత? రద్దీ వల్ల చూడలేకపోయామంటారు. రద్దీ ఉన్నమాట నిజం. ఆ రద్దీలోనే ఫోను చేయించుకుని వచ్చిన ఆసామికి బీపీ రెండుసార్లు చూడడం కూడా నిజం.

కాజువాల్టీని తిట్టి ఊరుకుంటే మాత్రం లాభం లేదు. అక్కడికి చేరేలోపే మనకు సగం కీడు జరిగిపోతోంది. కూలికి పోయి వచ్చాక కాళ్లు పీకుతున్నాయంటే ఆరెంపీ నొప్పుల సూది వేస్తాడు, రోజూ నొప్పుల బిళ్లలు మింగిస్తాడు. ఆ బిళ్లలు ఒంట్లో నీరూ ఉప్పూ నిలవబెడతాయి. నీరసమంటే సెలైన్ బాటిల్ తగిలిస్తాడు. ఇప్పటికే నీటితో మునిగిన ఊపిరితిత్తుల్లోకి ఇంకో బాటిల్! మనవాళ్లు కూడా బాటిల్ ఎక్కితేనే వైద్యమనుకుంటారు. కాళ్ల వాపూ ఆయాసమూ ఉన్న మనిషికి బాటిల్ ఎక్కించనివ్వకండి. ఉప్పు చేప, ఊరగాయ, ఉప్పేసిన గంజి రోజూ తినేవాళ్లం మనం. కూర లేని పూట ఉప్పే మన కూర. దాన్ని తగ్గించమని చెప్పేవాళ్లు ఇంటికొచ్చి నచ్చజెప్పాలి. చీటీ మీద 'లో సాల్ట్' అని ఇంగ్లీషులో గీకితే ఎవరికి తెలుస్తుంది?

బడిపంతుళ్లం కాబట్టి వాడలో ఎవరి చీటీ అయినా చివరికి మా దగ్గరికే వస్తుంది. ఒక అక్క, నాట్లకీ కలుపుకీ పోయే మనిషి, సంక్రాంతి నించి ఉగాది లోపల మూడుసార్లు కాజువాల్టీకి పోయింది. మూడు చీటీలూ మాకు చూపించింది. మూడింటి మీదా అదే ఇంజెక్షన్, అవే బిళ్లలు, రెండు వారాలకు మళ్లీ రమ్మని అదే మాట. బిళ్లలు ఎందుకు మానేశావక్కా అంటే ఆమె చెప్పిన జవాబు ఏ చీటీ మీదా లేదు: "ఆ బిళ్ల వేసుకుంటే గంటకు నాలుగుసార్లు ఒంటికి పోవాలయ్యా. చేలో మగోళ్ల మధ్య ఎక్కడికి పోను?" ఆ పూట పనికి పోయే రోజు బిళ్ల ఎప్పుడు వేసుకోవాలని డాక్టర్ని అడిగితే, ఇంటికి తిరిగొచ్చాక వేసుకునేలా సర్ది చెప్పేవాళ్లే. అడిగే ధైర్యం ఆమెకు లేదు, చెప్పే తీరిక వాళ్లకు లేదు. రెండు వారాలకు మళ్లీ పోవాలంటే చార్జీలతోపాటు ఒక రోజు కూలీ పోతుంది.

ఇది మన ఒక్క వాడ గోడు కాదు. వైద్యంలో దేశానికే ముందున్నదని చెప్పే కేరళలో, తిరువనంతపురంలోని 18 ఆసుపత్రుల్లో 2013లో హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 1205 మందిని డాక్టర్లు ఏళ్ల తరబడి గమనించారు. అయిదేళ్లు తిరిగేసరికి నూటికి 59 మంది పోయారు. గుండె బలం బాగా తగ్గినవాళ్లలో కూడా, రాయవలసిన మందులన్నీ రాసి ఇంటికి పంపింది సుమారు నాలుగో వంతు మందికే. అక్కడే అట్లా ఉంటే మన సంగతేమిటి? ఆ మందులేమీ బంగారపు బిళ్లలు కావు. ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్, మెటోప్రొలాల్, ర్యామిప్రిల్, ఇవన్నీ సర్కారు వారి అత్యవసర మందుల జాబితాలో ఉన్న పాత మందులే.

2005లో 108 బండి వచ్చింది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ కార్డుతో గుండె ఆపరేషన్లయి బతికినవాళ్లు మన వాడల్లో ఉన్నారు, కాదనం. కానీ కోతకు పలికినంత గట్టిగా ఆ కార్డు రోజూ మింగే బిళ్లకు పలకదు. ఆపరేషనుకు ఫొటో ఉంటుంది, బిల్లు ఉంటుంది. నెలకోసారి ఇచ్చే బిళ్లకు ఫొటో ఏముంటుంది?

చట్టం మన వైపే ఉంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకుండా తిప్పి పంపాయి. వ్యవసాయ కూలీల సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, కోర్టుకెక్కింది. ప్రాణాపాయంలో ఉన్నవాడికి వేళకు వైద్యం చెయ్యకపోవడం రాజ్యాంగం 21వ అధికరణాన్ని మీరడమేనని, డబ్బు లేదనే సాకు చెల్లదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. ఒక కూలీల సంఘం తెచ్చిన తీర్పు ఇది. మంచం లేదని తిప్పి పంపితే, ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడగండి. చాలాసార్లు అప్పటికప్పుడు మంచం దొరుకుతుంది.

మన సంఘాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి అడగాల్సినవి ఇవీ. నీరు లాగే ఇంజెక్షనూ ఆక్సిజనూ ఉన్నాయా? ఉంటే పై ఆసుపత్రికి రాసి పంపే ముందే ఎందుకు ఇవ్వడం లేదు? కాజువాల్టీ నించి వచ్చిన మనిషి ఇంటికి వారం లోపల ఏఎన్నెం గానీ ఆశ గానీ వస్తున్నారా? నెల బిళ్లలు పల్లెలోనే ఇస్తారా? చీటీ తెలుగులో రాస్తారా?

మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. బడిలో పిల్లల్ని తూచే మిషను ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లు పొద్దున్నే ఏమీ తినకముందు వచ్చి బరువు చూసుకోండి, మేం నోటుబుక్కులో రాసి పెడతాం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం ముదిరేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పాత చీటీలు చూరులో దోపి మర్చిపోకుండా అన్నీ ఒక కవరులో పెట్టి వెంట తీసుకుపోండి. రాత్రిపూట పోవాల్సొస్తే ఒంటరిగా పంపకుండా, చదువొచ్చిన పిల్లనో పిల్లవాడినో తోడిచ్చి పంపండి. బల్ల మీద పడుకోమంటే "కూచోబెట్టండి సార్, నీరు చేరింది, ఒకసారి కాలు నొక్కి చూడండి" అని వాళ్ల చేత గట్టిగా అడిగించండి.