కొల్లేరు ముప్ఫయ్యారు సార్లు

మా అన్నగారి అబ్బాయి తాడేపల్లిగూడెంలో అద్దె కార్లు నడుపుతాడు. కొల్లేరు చూడబోయేవారి కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకున్నాడు. పెట్టి ఏడాది దాటినా దాన్ని చూసి కారు అడిగినవారు ఒక్క కుటుంబం తప్ప లేరు. ఆ కుటుంబం సంగతి తర్వాత చెబుతాను. గూగుల్‌లో వెదికితే వాడి పేజీ అయిదో పుటలో ఎక్కడో వుంటుందట. అంతదాకా పోయే ఓపిక ఎవరికి వున్నది?

“బాబాయ్, నువ్వు పత్రికలకు రాస్తావు కదా, ఇందులో లోపమేమిటో చెప్పు” అంటూ కార్తీకంలో ఒక ఆదివారం ఏలూరు వచ్చి కూర్చున్నాడు.

“చదువు, వింటాను” అన్నాను.

నాలుగో వాక్యానికే మా ఆవిడ వంటింట్లోంచి, “ఏమిటది, జపమేమైనా మొదలెట్టారా?” అంది. కొల్లేరు అన్న మాట మొత్తం ముప్ఫయ్యారు సార్లు వచ్చింది. లెక్క నాది కాదు, ఆవిడది. అలా మాట కుక్కితే పేజీ పైకి వస్తుందనీ, పదిహేను వందల మాటలు నిండాలనీ ఎవరో వాడికి నూరిపోశారు. మొదటిది గూగుల్ వారు దోషంగా ఎంచే పని. రెండోదానికి ఆధారమే లేదు. ఇన్ని మాటలుండాలన్న నియమం తమకు లేదని వారే రాసిపెట్టారు.

మాటల సంగతి అటుంచి విషయంలోకి దిగాం. “ఆసియాలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు” అని వుంది.

“మరి సైబీరియాలో బైకాల్ ఏమయిందిరా?”

“పది పేజీలలో అలాగే వుంది బాబాయ్!”

ఆ పదీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే అయివుండాలి. పరీక్షలో కాపీ కొట్టే కుర్రాళ్లు తప్పులు కూడా ఒకేలా రాస్తారు చూడండి, అదే వరస. ఇలాంటి పల్చని ఎత్తిరాతలను కిందికి దించాలనే గూగుల్ వారు 2011 ఫిబ్రవరిలో తమ పద్ధతి మార్చుకున్నారు. దానికి పాండా అని పేరు.

ఇంకా చూద్దును గదా, కైకలూరు కృష్ణా జిల్లాలో వుంది! 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు ఇందులోకి వచ్చింది. పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం ఇప్పుడు భీమవరం. వాడి పేజీలో ఇంకా ఏలూరే. పైగా నెత్తిన “నిన్ననే సవరించినది” అని తేదీ! తేదీ ఒక్కటే సవరించాడని మెల్లగా ఒప్పుకున్నాడు.

సరస్సు విస్తీర్ణం పైన 901 చదరపు కిలోమీటర్లు, కింద 308. నిజానికి రెండూ వున్న అంకెలే. 1999లో అభయారణ్యంగా ప్రకటించినది అయిదడుగుల కాంటూరుకు లోపలి 308. 2002లో రాంసర్ జాబితాకెక్కినది 901. ఆ తేడా విప్పిచెప్పిన పేజీ నా కంటబడలేదు. “నువ్వు చెప్పరా, అదే నీ సరుకు” అన్నాను.

ఫలితాలు బాగున్నాయో లేదో చూడడానికి గూగుల్ వారు మనుషులను పెట్టుకుని, వారి చేతికొక మార్గదర్శక గ్రంథం ఇస్తారు. వారి మార్కులతో ఏ పేజీ స్థానమూ నేరుగా మారదు. పద్ధతి సరిగా నడుస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. నైపుణ్యం, ప్రామాణ్యం, విశ్వసనీయత అని అందులో మూడు కొలతలుండేవి. 2022 డిసెంబరులో “అనుభవం” కూడా చేర్చారు, అంటే రాసినవాడు స్వయంగా చూశాడా అని. అన్నిట్లోనూ విశ్వసనీయతే ముఖ్యమన్నారు.

“ఆటపాక పక్షులను నువ్వెప్పుడు చూశావు?” అన్నాను.

మాట్లాడడు! చాలాసేపటికి, “నేను కారు దగ్గరే వుంటాను బాబాయ్” అన్నాడు.

అప్పుడు బయటపడింది ఆ కుటుంబం సంగతి. “ఏడాది పొడుగునా వేలాది పక్షులు” అన్న మాట నమ్మి, ఇద్దరు పిల్లలతో మే నెలలో వచ్చారట. ఎండిన గట్లు, వేడిగాలి తప్ప పిల్లలకు చూపడానికి ఏమీ లేదు. చిన్నపిల్ల ఏడ్చిందట. “ఆయన నన్నేమీ అనలేదు బాబాయ్, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేసి వెళ్లిపోయాడు” అన్నాడు వీడు. తిట్టివుంటే నయమయ్యేదేమో.

మరుసటి వారమే తెల్లవారకముందు ఆటపాక వెళ్లి, ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు పెట్టడం కళ్లారా చూసివచ్చాడు. ఏ వేళకు వెలుతురు బాగుంటుందో, రైలులో వచ్చేవారు గుడివాడ–భీమవరం లైనులో కైకలూరు దిగవచ్చునన్న మాటా రాసుకున్నాడు. పేజీ మళ్లీ మొదటినుంచి రాశాడు. పక్షుల కోసమైతే చలికాలంలో రండి, మే నెలలో రావద్దు అన్న వాక్యం దగ్గర మాత్రం కలం ఆగింది.

“వేసవి బేరం పోదా బాబాయ్?”

“వేసవి బేరం ఇప్పుడేమైనా వున్నదా?” అంది మా ఆవిడ.

వాక్యం వుంచాడు. రాసినవాడి పేరు, వెళ్లిన తేదీ కూడా వేశాడు. కొల్లేరు అన్న మాట యీసారి తొమ్మిదిసార్లే వచ్చిందని ఆవిడ లెక్క.

పేజీ ప్రస్తుతం మూడో పుటలో వుంది. వాడు మాత్రం అది చూసుకోవడం మానేసి, ఆ మే నెలలో వచ్చినాయన ఫోను నెంబరు కోసం పాత రసీదులు తిరగేస్తున్నాడు. పిల్లలను యీ సంక్రాంతి సెలవులకు మళ్లీ తీసుకురమ్మంటాడట. కారు బాడుగ వద్దట.